తుపాకి ఎవరికి జవాబు చెప్పవలెను?

దీపావళి సెలవులు ముగిసి బడి తెరచిన దినమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు సంచిలో కేపుల తుపాకి పెట్టుకొని వచ్చెను. విరామకాలమున అది నలుగురి చేతులు తిరిగి తుదకు మా బల్లమీదికి చేరెను. సాయంకాలము వఱకు దానిని సొరుగులో నుంచి, ఇంటికి పోవు వేళ తిరిగి యిచ్చితిమి. పుచ్చుకొనుచు వాడు, "అమెరికాలో మా బాబాయి ఉన్న ఊళ్లో నిజం తుపాకులే దుకాణంలో అమ్ముతారటండీ మాస్టారూ! ఇక్కడ బొమ్మ తుపాకికే ఇంత గొడవెందుకండీ?" అని యడిగెను.

తరగతి నవ్వినది, మేమును నవ్వితిమి. కాని యా ప్రశ్న నవ్వి విడువదగినది కాదని యింటికి వచ్చిన పిమ్మట తోచెను. మన ఉక్కునగరములో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో చదువుకొనుచున్న బిడ్డలుగల యిండ్లు పెక్కు కలవు. ఆ దేశములలో నెచ్చటనో కాల్పులు జరిగినవను వార్త వచ్చిన రాత్రి, బిడ్డ గొంతు ఫోనులో వినువఱకు ఇచ్చటి తల్లికి నిద్ర పట్టదు. రేపు మన విద్యార్థులలో ననేకులు ఆ దేశములకు పోవలసినవారే. ఒక దేశమున అంగడి సరకైన వస్తువును మఱియొక దేశమున అనుమతి లేక ఇంట నుంచుకొనుటయే నేరమెట్లయ్యెను? వారు తెలివి తక్కువవారా, మనము పిరికివారమా? ఈ రెండును కావని మా అభిప్రాయము. ఆ సంగతినే యీ వ్యాసమున విద్యార్థులకును, తలిదండ్రులకును విన్నవింప దలచితిమి.

1. మన కన్నుల యెదుటి తుపాకులు

మనము తుపాకులను చూడనివారము కాము. కర్మాగారపు ద్వారముల కడ కేంద్ర పారిశ్రామిక భద్రతాదళము వారు తుపాకులు ధరించి కావలి కాయుదురు. బ్యాంకు గుమ్మమున కావలివాని చేత పొడవైన తుపాకి యుండును. మన విశాఖపట్టణము తూర్పు నౌకాదళమునకు ముఖ్యస్థానము. ఎన్.సి.సి.లో చేరిన మన విద్యార్థులు శిబిరములలో గుఱిచూచి కాల్చుట నేర్చుకొందురు.

ఆ శిబిరమునకు పోయి వచ్చిన విద్యార్థి నడిగినచో ఒక సంగతి చెప్పును. కాల్చుటకు పట్టిన కాలముకంటె లెక్క చూచుటకు పట్టిన కాలమే యెక్కువ. రైఫిలు సంఖ్యను పుస్తకములో వ్రాసి చేతి కిత్తురు. తూటాలు లెక్కించి యిత్తురు. కాల్పు ముగిసిన పిమ్మట నేలపై పడిన ఖాళీ గొట్టములను ఏరించి మరల లెక్కింతురు. ఒక్కటి తక్కువైనను గడ్డిలో వెదకవలసినదే. ఇంత శ్రమ యెందుకని పిల్లలు విసుగుకొందురు. చేతిలో తుపాకి యున్నవాడు దాని విషయమై మఱియొకరికి జవాబు చెప్పవలసినవాడని తెలియుటకే ఆ శ్రమయంతయు.

దేశదేశముల తుపాకి చట్టము లన్నిటి క్రిందను ఈ ప్రశ్నయే యున్నది: తుపాకి యెవరికి జవాబు చెప్పవలెను? ఈ ప్రశ్నకు ప్రతి దేశమును తన గత చరిత్రనుబట్టి సమాధానము చెప్పుకొన్నది. మొదట మన సమాధానమును చూతము.

2. పరపాలకుల చట్టము

1857వ సంవత్సరపు తిరుగుబాటు అణగిన పిమ్మట ఇంగ్లీషు ప్రభుత్వమునకు ఈ దేశ ప్రజల చేతనున్న ఆయుధములను గూర్చి భయము పట్టుకొన్నది. లిట్టను ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమున, 1878లో, భారత ఆయుధముల చట్టము వచ్చినది. లైసెన్సు లేక భారతీయుడు తుపాకి నుంచుకొనరాదు, ధరించి తిరుగరాదు. ఐరోపావారికి మాత్రము ఈ కట్టుబాటునుండి మినహాయింపు కలదు. అనగా ఒకే వీధిలో నడచు నిరువురిలో ఒకడు లైసెన్సు చూపవలెను, రెండవవాడు చూప నక్కఱలేదు. భేదము వారి నడవడిలో లేదు, జాతిలో నున్నది.

ఆ కాలమున ఇంగ్లండులో నేమి జరుగుచుండెను? 1870వ సంవత్సరపు శాసనము ననుసరించి అచ్చటివాడు పది షిల్లింగులు చెల్లించి తపాలా కార్యాలయములో తుపాకి లైసెన్సు తెచ్చుకొనవచ్చును. అది పన్ను వంటిదేగాని పరీక్ష కాదు. తన దేశమున తపాలా బిళ్లవలె దొరకు హక్కును, అదే ప్రభుత్వము మన దేశమున అపనమ్మకముతో బిగించెను. అందుచేతనే 1887లో మద్రాసున కూడిన కాంగ్రెసు మూడవ మహాసభ ఈ చట్టమును సడలింపుమని కోరెను. అడిగినవారు తుపాకులపై మక్కువతో అడుగలేదు. తమ దేశమున తమ్మే నమ్మరాని వారినిగా నెంచిన అవమానమును తొలగింపుమని యడిగిరి.

3. 1922: మన మన్యపు పోలీసు స్టేషనులు

ఈ కథలో మిక్కిలి ముఖ్యమైన ఘట్టము మన విశాఖపట్టణపు మన్యమునందే జరిగినది. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ చట్టము కొండవారి పోడు వ్యవసాయమునకు అడ్డుపడెను. అడవిలో రోడ్డు పనులకు వారిని పట్టుకొని పోయి చాలీచాలని కూలి యిచ్చుచుండిరి, కొన్ని తావుల అదియు లేదు. వారి చేత విండ్లు, బాణములు తప్ప వేఱు సాధనము లరుదు. అట్టి సమయమున అల్లూరి సీతారామరాజు వారికి నాయకుడయ్యెను.

1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: వరుసగా మూడు దినములలో మూడు పోలీసు స్టేషనులపై ఆయన తన యనుచరులతో వచ్చి పడెను. మూడింటను కలిపి 26 తుపాకులును, రెండువేల యైదువందలకు పైగా తూటాలును ఆయనకు చిక్కినవి. ధనము కొఱకు వచ్చినవాడు ఖజానా వెదకును. ఈయన వెదకినది ఆయుధాగారమును. అంతేకాదు. తాను తీసికొన్న వస్తువుల వివరమును స్టేషను పుస్తకములో వ్రాసి చేవ్రాలు చేసి పోయెను. విద్యార్థులారా, ఈ చేవ్రాలును మఱచిపోకుడు. దొంగ లెక్క వ్రాసిపెట్టడు. ఈ తుపాకులు నా యొద్ద నున్నవి, వీనికి నేను జవాబుదారిని అని చెప్పగలవాడే వ్రాయును.

ఆ పోరాటము రెండు సంవత్సరములు సాగినది. 1924 మే 7వ తేదీన కొయ్యూరు ప్రాంతమున సీతారామరాజును పట్టుకొని కాల్చి చంపిరి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. 2022 ఏప్రిలులో పాడేరు ముఖ్యస్థానముగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టబడినది.

ఇప్పు డొక చిక్కు ప్రశ్న. మన దేశమున 2019లో ఆయుధముల చట్టమును సవరించినప్పుడు, పోలీసుల యొద్దనుండి గాని సైనికుల యొద్దనుండి గాని బలవంతముగా తుపాకి లాగికొన్న వారికి పదియేండ్లకు తక్కువ కాని శిక్ష, యావజ్జీవము వఱకు, విధించిరి. ఒక చేతితో విగ్రహములు నిలిపి, మఱియొక చేతితో అదే పనికి శిక్ష వ్రాయుట విరుద్ధము కాదా? దీనికి సమాధానము దొరకవలెనన్న ఆ రెండు కాలముల పోలీసు తుపాకులు ఎవరికి జవాబు చెప్పుచుండెనో చూడవలెను. 1922లో ఆ తుపాకి తాసీల్దారునకు, తాసీల్దారు కలెక్టరునకు, కలెక్టరు మద్రాసు ప్రభుత్వమునకు, ఆ ప్రభుత్వము లండను నగరమునకు జవాబు చెప్పుచుండెను. ఆ వరుసలో ఎచ్చటను కొండదొర లేడు, బగత లేడు, కోయ లేడు. నేడు ఆ వరుస తిరిగి తిరిగి ఓటు వేయు మనిషికడకే వచ్చి చేరవలెను. అట్లు చేరుచున్నంత కాలమే నేటి చట్టమునకు గౌరవము.

4. స్వతంత్ర భారతము ఎంచుకొన్న త్రోవ

1931 మార్చిలో కరాచీలో కాంగ్రెసు మహాసభ ప్రజల ప్రాథమిక హక్కులను గూర్చి తీర్మానము చేసినప్పుడు, నిబంధనలకు లోబడి ఆయుధములు కలిగియుండు హక్కు ప్రతి పౌరునకును కలదని అందు చేర్చిరి. 1878 నాటి అవమానమునకు అది ప్రత్యుత్తరము. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రాజ్యాంగ సభలో 1948 డిసెంబరున హెచ్.వి. కామతుగారు ఆ హక్కును రాజ్యాంగమున చేర్పుమని సవరణ ప్రతిపాదించిరి. ముసాయిదా సంఘాధ్యక్షులైన డాక్టరు అంబేద్కరుగారు అంగీకరింపలేదు. సభ దానిని త్రోసిపుచ్చినది. అప్పటికి ఆ సభలోనివారు దేశవిభజన నాటి రక్తపాతమును కన్నులార చూచినవారు. 1948 జనవరి 30వ తేదీన మహాత్ముడు పిస్తోలు గుండ్లకు కూలి యింకను సంవత్సరమైనను నిండలేదు.

రాజ్యాంగము 19వ అధికరణమున పౌరులకు సమావేశమగు హక్కు కలదు. కాని అది శాంతముగను, ఆయుధములు లేకను సమావేశమగు హక్కు. ఆయుధము ధరించుటను హక్కుగా చెప్పక, ఆయుధము లేకుండ కూడుటను హక్కుగా చెప్పుట మన రాజ్యాంగపు రీతి.

1878 చట్టమును తొలగించి 1959లో క్రొత్త ఆయుధముల చట్టము చేసిరి. అది 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని ముఖ్యాంశములు విద్యార్థులు తెలిసికొనదగినవి.

ఇరువదియొక సంవత్సరములు నిండనివానికి తుపాకి లైసెన్సు లేదు. జిల్లాలలో జిల్లా మేజిస్ట్రేటును, మన విశాఖవంటి నగరములలో పోలీసు కమిషనరును లైసెన్సు నిచ్చు అధికారులు. అర్జీ పెట్టినవానిని గూర్చి పోలీసు విచారణ జరుగును. 2016 నాటి నియమముల ప్రకారము తుపాకిని అపాయము లేక వాడుట నేర్చినట్లు శిక్షణ పత్రమును, ఆరోగ్యమును మానసిక స్థితియు సరిగా నున్నట్లు వైద్యుని పత్రమును కావలెను. ఒకరికి మూడు తుపాకుల వఱకు ఉండుటకు వీలుండగా, 2019 సవరణ దానిని రెండునకు తగ్గించినది. పెండ్లిండ్లలోను ఊరేగింపులలోను సంబరమునకు తుపాకి కాల్చి ఇతరుల ప్రాణములకు అపాయము కలిగించినవానికి రెండు సంవత్సరముల వఱకు చెఱ గాని, లక్ష రూపాయల వఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సుదారులు అధికారుల యుత్తరువు ననుసరించి తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించి, పిదప తిరిగి తెచ్చుకొందురు.

అడవి పందుల బాధ పడు రైతును చట్టము మఱవలేదు. పంట కాపుదలకు గొట్టపు మూతినుండి మందు కూరి కాల్చు తుపాకికి లైసెన్సు కోరవచ్చునని అందు వ్రాసియున్నది. ఇచ్చట గమనింపవలసిన సంగతి మఱియొకటి కలదు. లైసెన్సు నిరాకరించు అధికారి కారణమును వ్రాసి యుంచవలెను. ప్రజాహితమునకు భంగమని తోచినప్పుడు దక్క, అడిగినచో అర్జీదారునకు దానిని తెలుపవలెను. అర్జీదారు పై అధికారికి చెప్పుకొనవచ్చును. తుపాకి పట్టువాడు జవాబు చెప్పుట మాత్రమే కాదు, లైసెన్సు నిచ్చువాడును జవాబు చెప్పవలెను.

మన దేశమునందే అందఱి మనోభావము ఒక్కటి కాదు. పడమటి కనుమలలోని కొడగు సీమవారు తుపాకిని ఇంటి దైవమువలె చూచి, కైల్‌పోదు పండుగనాడు పూజింతురు. ఇంగ్లీషువారి కాలమునుండి వారికి లైసెన్సు విషయమున ప్రత్యేకమైన మినహాయింపు కలదు; కేంద్ర ప్రభుత్వము దానిని 2029 వఱకు పొడిగించినది.

5. ఇతర దేశముల సమాధానములు

అమెరికా: 1775 ఏప్రిల్ 19వ తేదీన ఇంగ్లీషు సైనికులు కాంకర్డు గ్రామమున వలసవారు దాచిన ఆయుధములను పట్టుకొనుటకు బయలుదేరిరి. దారిలో లెక్సింగ్టను కడ కాల్పులు జరిగినవి. స్వాతంత్ర్య యుద్ధము అచ్చటనే మొదలైనది. ప్రభుత్వము ఆయుధములు లాగికొనవచ్చినది, మనము ఇయ్యలేదు, కనుకనే స్వతంత్రులమైతిమి అను స్మృతి ఆ జాతి గుండెలో నిలిచిపోయినది. 1791లో వారి రాజ్యాంగమునకు చేర్చిన రెండవ సవరణ ఆయుధములు కలిగియుండు హక్కును ప్రజలకు కాపాడినది. అది సైన్యమును గూర్చినదా, ప్రతి మనిషిని గూర్చినదా అను వాదము చిరకాలము సాగినది. 2008లో ఆ దేశపు సుప్రీముకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఒక వైపును నలుగురు మఱియొక వైపును నిలువగా, ఆత్మరక్షణకై ఇంట తుపాకి యుంచుకొనుట ప్రతి పౌరుని హక్కే యని తీర్పు చెప్పెను.

పోలీసులు వచ్చుటకు గంటలు పట్టు విశాలమైన పల్లెసీమలలో తన ప్రాణమును తానే కాపాడుకొనవలెనని వారనెదరు. ఆ మాటలో నిజము లేకపోలేదు. లైసెన్సుగల వర్తకుడు 1993 నాటి చట్టము ననుసరించి కొనువాని నేరచరిత్రను విచారింపవలెను. కాని దేశమంతటికి వర్తించు చట్టములో ఒక మనిషి మఱియొకనికి సొంతముగా అమ్ముకొనునప్పుడు ఆ విచారణ తప్పనిసరి కాదు. కొన్ని రాష్ట్రములలో కట్టుబాటు లెక్కువ, కొన్నింట మిక్కిలి తక్కువ. జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే అను సంస్థ 2018లో ప్రకటించిన అంచనా ప్రకారము అమెరికాలో నూరుగురు జనులకు 120 తుపాకులు కలవు. 2021లో ఆ దేశమున తుపాకిచే మరణించినవారు 48,830 మంది. అందులో సగమునకు మించినవారు తమ ప్రాణములను తామే తీసికొన్నవారు. ఇది తలిదండ్రులు నిలిచి ఆలోచింపదగిన విషయము. దొంగకొఱకని ఇంట నుంచిన తుపాకి, ఆ యింటివాని దుఃఖపు గడియలో వానికే చేరువలో నుండును.

ఆ లెక్కలలో మనవారును లేకపోలేదు. 2017 ఫిబ్రవరి 22వ తేదీ రాత్రి కాన్సాసు రాష్ట్రమున ఒలేతా పట్టణములో, పని ముగించుకొని మిత్రునితో కూర్చున్న తెలుగు ఇంజనీరు నొకనిని, పరదేశీయుడను ద్వేషముతో ఒకడు కాల్చి చంపెను. మిత్రుడు గాయపడెను. వారిని కాపాడ లేచిన అమెరికను యువకుడొకడు ఒట్టి చేతులతో హంతకుని వెంబడించి తానును గుండు దెబ్బ తినెను. ఆ దేశమును తలచునప్పుడు హంతకుని తుపాకితోపాటు ఆ యువకుని ఒట్టి చేతులను గూడ తలచుట న్యాయము.

స్విట్జర్లాండు: ఇచ్చట నూరుగురికి సుమారు 28 తుపాకులు కలవని అదే అంచనా. ప్రతి యువకుడును కొంతకాలము సైనిక శిక్షణ పొందవలసిన దేశమది. సైనికుడు తన రైఫిలును ఇంట నుంచుకొనును. జూరికు నగరములో పదుమూడు మొదలు పదునేడేండ్ల బాలబాలికలకు ఏటేట గుఱిచూచి కాల్చు పోటీ జరుగును. మనకు వింతగా తోచు నీ యాచారము వెనుకను లెక్క కలదు. 2007లో సైనికుల యిండ్లలో తూటాలుంచు పద్ధతిని ప్రభుత్వము మాన్పించెను. చట్టమును బిగింపవలెనా యని ప్రజలనే అడుగగా 2011లో వలదనిరి, 2019లో వలెననిరి. అచ్చటి తుపాకి ప్రజల ఓటునకు జవాబు చెప్పుచున్నది.

జపాను: ఇచ్చట నూరుగురికి ఒక్కటియు లేదు, వేయిమందికి మూడు. 1588లో హిదెయోషి అను పాలకుడు రైతుల కత్తులను, ఇతరాయుధములను రాబట్టుకొనెను. అప్పటినుండి సామాన్యుని ఇంట ఆయుధము లేకుండుటయే ఆ దేశమున అలవాటయ్యెను. 1958 నాటి చట్టము తుపాకులను, కత్తులను నిషేధించి, కొలది మినహాయింపులను మాత్రము విడిచినది. వేటతుపాకి కావలసినవాడు వ్రాత పరీక్షయు, కాల్పు పరీక్షయు నెగ్గి, వైద్యుని పత్రము తెచ్చి, పోలీసుల ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. ఐనను 2022 జూలై 8వ తేదీన నారా నగరమున మాజీ ప్రధాని షింజో ఆబే, ఒకడు స్వయముగా చేసికొన్న తుపాకికి బలియయ్యెను. ఎంతటి చట్టమైనను అపాయమును తగ్గింపగలదేగాని, పూర్తిగా తుడిచివేయజాలదు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండు: 1996 ఏప్రిల్ 28వ తేదీన ఆస్ట్రేలియాలో పోర్టు ఆర్థరు కడ ఒక్కడు 35 మందిని చంపెను. రెండు వారములైనను గడువకముందే అన్ని రాష్ట్రములును కలిసి ఒక ఒడంబడికకు వచ్చినవి. సుమారు 6,50,000 తుపాకులను ప్రభుత్వము వెలయిచ్చి కొని నాశనము చేసెను. ఆత్మరక్షణమును తుపాకి కలిగియుండుటకు తగిన కారణముగా అచ్చట అంగీకరింపరు. 2019 మార్చి 15వ తేదీన న్యూజిలాండులో క్రైస్టుచర్చి నగరపు మసీదులలో 51 మంది ప్రార్థనకు వచ్చినవారు హతులైరి. వారిలో మన హైదరాబాదునుండి వెళ్లినవారును కలరు. నెల తిరుగకముందే ఆ దేశపు శాసనసభ వడిగా కాల్చు సైనికపు తరహా తుపాకులను నిషేధించెను. ఈ రెండు దేశములును తమ దుఃఖమునుండి చట్టమును చేసికొన్నవి.

6. మనలోని కొఱత

ఇతరుల తప్పులెన్నుట సులభము. మన ఇంటి సంగతియు చూడవలెను. పైన చెప్పిన అంచనా ప్రకారమే మన దేశమున పౌరుల చేతనున్న తుపాకులు సుమారు 7 కోట్ల 11 లక్షలు. అందులో లెక్కకెక్కినవి 97 లక్షలు మాత్రమే. జనసంఖ్యను బట్టి చూచిన నూరుగురికి అయిదే; కాని ఆ అయిదింటిలో నాలుగు ఎవరికిని జవాబు చెప్పనివి. మన మన్యపు పల్లెలలో నాటు తుపాకులను అప్పగింపుమని పోలీసులు కోరిన వార్తలు మీరును చదివియుందురు. పంట కొఱకో, వేట కొఱకో దాచుకొన్న నాటు తుపాకి పేలి, తోడు వచ్చినవాడే కూలిన సంఘటనలును కలవు. చట్టము పంట కాపుదలకు లైసెన్సు కలదని వ్రాసినంత మాత్రమున చాలదు. కొండమీది రైతునకు ఆ కార్యాలయపు మెట్లు ఎక్కు దారి తెలియవలెను. పందులు తొక్కిన చేనునకు సకాలమున పరిహారము దొరకవలెను. లేనిచో తుపాకి చాటుననే యుండును.

కావున, విద్యార్థులారా, తుపాకులు ఎక్కువైన దేశము చెడ్డదనియు, తక్కువైన దేశము మంచిదనియు ఒక్క మాటతో తేల్చుటకు వీలులేదు. ప్రతి చట్టమునందును ఆ జాతి దేనికి భయపడెనో వ్రాసియున్నది. అమెరికావాడు పాలకునకు భయపడెను. జపానువాడు కలహమునకు భయపడెను. ఆస్ట్రేలియావాడు తన పొరుగున నున్న ఒక్క ఉన్మాదికి భయపడెను. మన చట్టము మొదట పాలకుడు ప్రజలకు భయపడి వ్రాసికొన్నది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మనము దానిని మార్చి వ్రాసికొని, ఒకరి ప్రాణమునకు ఒకరము జామీను నిలిచితిమి. చట్టపు మాటలు కొంతవఱకు పాతవే యైనను, వెనుకనున్న సంతకము మనది. ఆ సంతకము మనదిగా నిలుచుట, అధికారి జవాబు చెప్పుచుండుటపైనను మనము అడుగుచుండుటపైనను ఆధారపడియున్నది.

విరాటుని కొలువులో అడుగుపెట్టుటకు ముందు పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిన కథ మీ రెఱుగుదురు. అర్జునునికి గాండీవముపై ప్రేమ లేక కాదు. పదిమంది నడుమ బ్రదుకవలసిన యేడాది అది. కాలము వచ్చినప్పుడు దించుకొన్నాడు, రాకముందు ముట్టలేదు. ఆయుధమును పట్టుట యెంత విద్యయో, దానిని చెట్టుమీద విడిచి ఊరిలోనికి పోవుటయు అంత విద్యయే.

కేపుల తుపాకి తెచ్చిన మా శిష్యునకు ఇదియే జవాబు. నీ బొమ్మ తుపాకిలో దోషము లేదు. అది ఎవరినిగాని చంపదు. కాని దానిని తోటివాని నుదుటికి గుఱిపెట్టి నవ్వినప్పుడు, నీ చేయి ఒక అలవాటు నేర్చుకొనుచున్నది. అందుకే దానిని సాయంకాలము వఱకు సొరుగులో నుంచితిమి.

విద్యార్థులు ఇంట పెద్దలతో కలిసి ఆలోచించుటకు కొన్ని ప్రశ్నలు:

1. 1922లో స్టేషను పుస్తకమున సీతారామరాజు లెక్క వ్రాసి చేవ్రాలు చేయుటకు కారణమేమై యుండును?

2. 1878 నాటి చట్టమునకును, 1959 నాటి చట్టమునకును గల భేదములలో ఏది మీకు ముఖ్యమని తోచును?

3. మీ బంధువు విదేశమున నున్నచో, అచ్చటి తుపాకి చట్టమును గూర్చి అతనిని అడిగి నాలుగు పంక్తులు వ్రాయుడు. అతడు అచ్చట తుపాకి కొనవలెనని యెన్నడైన తలచెనా? తలచినచో ఎందుకు, మానినచో ఎందుకు?

4. అడవి పందులు పంట పాడుచేయుచున్న ఊరిలో తుపాకి తప్ప వేఱు ఉపాయము లేవి కలవు?

వచ్చిన జవాబులలో బాగుగ నున్నవానిని తరగతిలో చదివింపగలము.